వెనక్కి దారి లేని సేద్యం

అమెజాన్ ఒడ్డున మకాం పెట్టిన హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లిష్ కీటక సేకర్తను ఒకనాడు ఇంకా తెల్లవారకముందే పనివాడు తట్టి లేపాడు. ఎలుకలు కర్రపెండలం పిండి బుట్టల మీద పడ్డాయని వాడి మొర. బేట్స్ చెవి ఒగ్గి విన్నాడు. ఎలుకల అలికిడిలా లేదు. దీపం పట్టుకుని సరుకుల గదిలోకి వెళితే, బుట్టలకూ తలుపుకూ మధ్య వెడల్పాటి చీమల బారు కనిపించింది. ఒక్కోదాని నోట ఒక్కో పిండి రవ్వ. బుట్టల లోపల పరిచిన ఎండుటాకులను అవి కత్తిరిస్తున్న చప్పుడే ఆ అలికిడి. చెక్క చెప్పులతో ఎన్నింటిని తొక్కినా బారు తెగలేదు. మర్నాడు రాత్రి మళ్లీ వచ్చాయి. చివరికి నేల మీద తుపాకిమందు వరసగా పోసి అంటించాడు. అలా చాలాసార్లు పేలిస్తే గానీ అవి వెనక్కి తగ్గలేదు.

పిండి దొంగతనం వాటికి అప్పుడప్పుడూ చేసే పని. అసలు పని ఆకు కోత. చెట్టెక్కి ఆకును వంకీగా కోసి, ఆ ముక్కను గొడుగులా నెత్తిన నిలబెట్టుకుని నేలలోని కన్నాల్లోకి మోసుకుపోతాయి. బ్రెజిల్ జనం వాటిని సవూవా అంటారు. ఆ దేశంలో పదకొండేళ్లు గడిపిన బేట్స్, 1863లో అచ్చయిన తన పుస్తకంలో, అవి ఈ ఆకులతో నేలమాళిగల ద్వారాలకు కప్పు వేసుకుంటాయని రాశాడు. వాన నీరు దిగకుండా మనం తాటాకు కప్పినట్టన్నమాట. అంత చూపున్న మనిషి అంత దగ్గరికి వెళ్లి కూడా గురి తప్పాడు. ఈ చీమ ఆకు ఎందుకు మోస్తుందో తెలియాలంటే, దాని చేతిలో తోట పోగొట్టుకుని, పగబట్టి పునాది దాకా తవ్వినవాడు కావాలేమో.

థామస్ బెల్ట్ అలాంటివాడే. నికరాగ్వాలోని చొంతాలెస్ బంగారు గనుల్లో ఇంజనీరు. ఇంటి దగ్గర వేసుకున్న మొక్కలను చీమలు మోడు చేస్తుంటే కన్నాల్లో కార్బాలిక్ ఆసిడ్ నీళ్లు పోయించాడు. చచ్చినవి చావగా మిగిలినవి పారిపోతూ తమ సరంజామా అంతా వేరే చోటికి తరలించాయి. ఆ సరంజామా ఏమిటో చూద్దామని తవ్వాడు. తవ్వడం గని మనిషికి కొత్త కాదు కదా. మనిషి తలకాయంత గుండ్రటి గదులు బయటపడ్డాయి. ఒక్కో గదిలో ముప్పాతిక వంతు గోధుమరంగు స్పాంజి లాంటి ముద్ద. దాన్నిండా తెల్లటి బూజు అల్లుకుని ఉంది. ఆకులు మాత్రం ఆకులుగా ఎక్కడా లేవు. నమిలి నుజ్జు చేసిన ఆకు బూజుకు ఎరువు, బూజు చీమకు తిండి అని బెల్ట్ తేల్చాడు. 1874లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. గని ట్రామ్ పట్టాలకు అడ్డంగా చీమల దారి ఒకటి ఉండేది. బండి వెళ్లినప్పుడల్లా వందల కొద్దీ నలిగిపోయేవి. కొన్నాళ్లకు అవి పట్టాల కింద సొరంగాలు తవ్వుకున్నాయి. బెల్ట్ ఆ సొరంగాలను రాళ్లతో మూయిస్తే, పట్టాల మీదుగా దాటకుండా పక్కనే కొత్తవి తవ్వాయి.

అదే 1874లో, దక్షిణ బ్రెజిల్‌లోని బ్లుమెనావ్ నుంచి ఫ్రిట్జ్ మ్యూలర్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త డార్విన్‌కు రాసిన ఉత్తరం 'నేచర్' పత్రికలో వచ్చింది. అందులోనూ ఇదే మాట. బెల్ట్ సంగతి ఆయనకు తెలియదు, ఆయన సంగతి బెల్ట్‌కు తెలియదు.

మ్యూలర్ మేనల్లుడు ఆల్‌ఫ్రెడ్ మోలర్ అదే ఊరికి వచ్చి ఈ బూజు తోటల మీదే కూర్చున్నాడు. 1893లో ఆయన ప్రచురించిన పుస్తకంతో ఊహ కాస్తా శాస్త్రమైంది. బూజు పోగుల చివర్లు ఉబ్బి చిన్న చిన్న బుడిపెలు గుత్తులుగా కాస్తాయనీ, చీమలు వాటినే కోసుకు తింటాయనీ ఆయన చూశాడు. వాటికి నూల్‌కోల్ దుంపల పేరు పెట్టాడు. మనం తినే నూల్‌కోల్ కూడా ఉబ్బిన కాడే గనుక పోలిక కుదిరింది. ఇప్పటి శాస్త్రం వాటిని గాంగిలీడియా అంటుంది. చీమలను తీసేసిన తోట ఏమవుతుందో కూడా చూశాడు. పెంచేవాళ్లు లేని దొడ్డిలా విచ్చలవిడిగా పెరిగి, ఆ బుడిపెలు మానేసి, పాడైపోయింది.

ఒక ప్రశ్న మిగిలింది. కొత్త రాణి కొత్త పుట్ట పెట్టినప్పుడు విత్తనం ఎక్కడిది? 1898లో హెర్మన్ ఫాన్ ఈరింగ్ జవాబు చెప్పాడు. ఆడపిల్ల పుట్టింటి నుంచి పట్టుకెళుతుంది. పెళ్లి ఎగురుడుకు బయలుదేరే ముందు రాణి చీమ తోటలోంచి చిటికెడు బూజు కొరికి, నోటి అడుగున ఉండే చిన్న సంచిలో పెట్టుకుంటుంది. పెరుగు తోడు దాచుకున్నట్టే. గాలిలో పలువురు మగవాటితో కలిసి, నేలకు దిగి, రెక్కలు రాల్చేసి, మట్టిలో చిన్న గది తవ్వుకుని, ఆ చిటికెడు తోడునూ అక్కడ ఉమ్ముతుంది. తర్వాతి కథ 1905లో బెలేం నగరంలో జేకబ్ హ్యూబర్ దగ్గరుండి చూశాడు. రాణి తన విసర్జనతోనే బూజుకు ఎరువు వేస్తుంది. ఆకలేస్తే బూజు జోలికి పోదు, తాను పెట్టిన గుడ్లనే తింటుంది, పదింట తొమ్మిది. ఒంట్లో కరిగిపోతున్న రెక్కల కండరాలే దాని మూలధనం. తొలి కూలి చీమలు పైకి వచ్చి మొదటి ఆకు తెచ్చేదాకా ఈ ఉపవాస సేద్యం సాగాలి. బూజు చచ్చిందా, కథ అక్కడితో సరి. బ్రెజిల్‌లో మారియో ఆటువోరి లెక్కపెట్టిన 3,558 పసి పుట్టల్లో మూడు నెలల తర్వాత బతికి ఉన్నవి 90.

ఇప్పుడు బ్లుమెనావ్, బెలేం వదిలి చాలా వెనక్కి వెళ్లాలి. సేద్యం చేసే చీమ జాతులు దాదాపు 250 ఉన్నాయి. అన్నీ అమెరికా ఖండాల్లోనే, అర్జెంటీనా నుంచి న్యూయార్క్ దరిదాపుల దాకా. అన్నిటికీ మూలపుటమ్మ ఒకతే. అంటే చీమల చరిత్రలో ఈ సేద్యం ఒక్కసారే పుట్టింది. ఎప్పుడన్నదే పేచీ. చాలాకాలం 5 కోట్ల ఏళ్ల కిందట అనుకున్నారు. 2024లో స్మిత్సోనియన్ సంస్థకు చెందిన టెడ్ షుల్ట్జ్, ఆయన సహచరులు 475 శిలీంధ్ర జాతుల, 276 చీమ జాతుల జన్యు సమాచారాన్ని పక్కపక్కన పెట్టి రెండు వంశవృక్షాలు గీశారు. రెండూ చూపిన తేదీ ఒకటే: సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. మెక్సికోలోని యుకటాన్ తీరాన గ్రహశకలం పడి, డైనోసార్లను తుడిచిపెట్టిన కాలమది.

ఆ రోజుల్ని ఊహించుకోవాలి. దుమ్మూ పొగా ఆకాశాన్ని కమ్మేశాయి. ఎండ లేదు. ఆకు పచ్చగా మారదు. పచ్చదనం మీద బతికేవి ఒకదాని వెంట ఒకటి పోయాయి. చచ్చిన చెట్లు మాత్రం కొండల్లా పడి ఉన్నాయి, వాటిమీద బతికే బూజులకు పండగ. ఏ ఆకులకిందో పురుగులను ఏరుకు తినే చీమ ఒకటి, అప్పటికే బూజుతో కాస్తో కూస్తో పొత్తు ఉన్నది, ఆ కరువులో దానికే పూర్తిగా కట్టుబడింది. కరువు తీరాక కూడా పొత్తు వీడలేదు. మన సేద్యం వయసు ఎంత లాగినా 12 వేల ఏళ్లు దాటదు. వాళ్లది అయిదు వేల రెట్లకు పైగా పాతది.

తర్వాత మూడు నాలుగు కోట్ల ఏళ్లు పెద్ద మార్పేమీ లేదు. ఇప్పటికీ ఆ పాత పద్ధతిలో బతికే చీమలు వానాకాలపు అడవుల్లో ఉన్నాయి. వంద, రెండొందల కూలీలున్న చిన్న పుట్టలు, గుప్పెడంత తోట. పురుగుల పెంటికలు, రాలిన పూరేకులు, గింజల పొట్టు ఏరి తెచ్చి బూజుకు వేస్తాయి. ఒక శాఖ బూజును ఈస్ట్ రూపంలో పెంచింది. మరో శాఖ ఎప్పుడో పాత పంట మానేసి పగడపు పుట్టగొడుగుల జాతికి మారింది. ఈ దశ సేద్యానికి ఒక లక్షణం ఉంది, మన పల్లెల్లో ఎవరికైనా తెలిసిందే: పొలం గట్టు మీది అడవి వరి పొలంలోని వరితో కలిసిపోతూ ఉంటుంది. ఈ చీమల బూజు కూడా తోట దాటి అడవిలోకి పోగలదు, అడవి బూజుతో కలవగలదు. అంటే పంటకు వెనక్కి దారి ఉంది. రైతుకు మాత్రం లేదు.

రైతుకు ఎందుకు లేదో 2011 తర్వాత, చీమల జన్యుపటాలు చదివాక తెలిసింది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే శక్తి ఈ చీమలు పోగొట్టుకున్నాయి. బూజులో అది పుష్కలంగా దొరుకుతుంది, సొంతంగా వండుకోవలసిన పని ఏముంది? వాడని పనిముట్టు తుప్పు పట్టి రాలిపోయింది. అదీ ఏ ఆధునిక జాతిలోనో కాదు, సేద్యం మొదలైన తొలినాళ్లలోనే. అప్పటినుంచి వేట చీమగా మళ్లీ బతకాలంటే కుదరదు.

పంటకు కూడా దారి మూసుకుపోయింది, సుమారు 2 కోట్ల 70 లక్షల ఏళ్ల కిందట. భూమి చల్లబడి, దక్షిణ అమెరికాలో వాన తగ్గిన పచ్చికబయళ్లు, ఎండు అడవులు విస్తరించిన కాలం. తడి అడవి బూజును చీమలు తమ చల్లటి నేలమాళిగల్లో పెట్టుకుని ఆ పొడి నేలలకు పట్టుకొచ్చాయి. అక్కడ తోట దాటి బయటికి వస్తే బూజుకు చావే. కలవడానికి అడవి చుట్టమూ లేదు. తరతరాలు ఒకే ఇంట్లో పెరిగి అది మచ్చికైంది. ఒక్కో కణంలో ఎన్నో కేంద్రకాలు నింపుకుంది, బుడిపెలు కాయడం నేర్చుకుంది, పుట్టగొడుగై పైకి రావడం దాదాపు మానేసింది. చీమలు పిలకలు తీసి నాటుతున్నంత కాలం దానికి విత్తు కట్టే అవసరం ఏముంది? మన అరటి సంగతి చూడండి.

ఈ రెండు తాళాలూ పడ్డాకే ఆకుకోసే చీమలు పుట్టాయి. పచ్చి ఆకు అరిగించుకోవడం చీమకు చేతకాదు, ఆకు నిండా దానికి పనికిరాని పీచూ విషాలూ. బూజుకు చేతనవుతుంది. ఇద్దరూ కలిస్తే అడవంతా మేత. అట్టా ప్రజాతి చీమల పెద్ద పుట్ట జనాభా లక్షలు దాటి కోటికి కూడా చేరువవుతుంది. తల్లి మాత్రం ఒక్కతే, పదేళ్లకు పైగా బతుకుతుంది. ఆరేళ్లు దాటిన ఒక పుట్టను ఆటువోరి తవ్వితే 1,920 గదులు తేలాయి. చీమలు బయట పోసిన మట్టి 40 టన్నులు.

లోపల పని జరిగే తీరు చూస్తే బియ్యపు మిల్లు గుర్తొస్తుంది. పెద్ద కూలీలు ఆకు కోసి తెస్తాయి. వాటి దవడ అంచుల్లో జింకు ఉంటుంది, అయినా వయసు మీద పడేసరికి అరిగిపోతుంది. పళ్లరిగిన ముసలి చీమలు కోత మానేసి మోతకు మారతాయి. మోసేవాటి ఆకు మీద ఒక్కోసారి బుల్లి చీమ కూర్చుని సవారీ చేస్తుంది. అది సోమరిపోతు కాదు, కావలి. కూలీ తల మీద గుడ్డు పెట్టడానికి వచ్చే ఫోరిడ్ ఈగలను తరుముతుంది. గదిలోకి చేరిన ఆకు కొంచెం చిన్న చీమల చేతికి వెళుతుంది. అవి నాకి శుభ్రం చేసి ముక్కలు చేస్తాయి. ఇంకా చిన్నవి నమిలి గుజ్జు చేస్తాయి. ఆ గుజ్జు మీద ఒక విసర్జన చుక్క వేసి, పాత తోటలోంచి బూజు పిలకలు పీకి నాటుతాయి. అన్నిటికన్నా చిన్నవి, రెండు మిల్లీమీటర్లవి, బూజు సందుల్లో దూరి కలుపు తీస్తాయి.

ఆ విసర్జన చుక్క సంగతి అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మైకేల్ మార్టిన్ 1970 ప్రాంతంలో విప్పాడు. అది ఉత్త ఎరువు కాదు. చీమ తిన్న బూజులోని ఎంజైములు దాని కడుపులో అరగకుండా అలాగే దాటివచ్చి, కొత్త ఆకు మీద పడి, దాన్ని మెత్తబరుస్తాయి. ముదురు తోటలో తయారైన సరుకును లేత తోటకు చేరవేసే గొట్టం చీమ కడుపు. ఇది తెలిశాక ఎవరు ఎవర్ని సాకుతున్నారో చెప్పడం కష్టం. చీమను రైతు అనడానికి నాకు కొంచెం ఇబ్బంది కూడా అందుకే. అప్పూ కౌలూ లేవని కాదు. పంటే రైతు కడుపుని కాలువలా వాడుకుంటున్నప్పుడు కమతం ఎవరి పేర ఉన్నట్టు?

ఒకే పంట, ఒకే వంగడం. తెగులు రాకుండా ఎలా ఉంటుంది? వందేళ్ల పాటు పరిశోధకులు ఈ ప్రశ్న వేసుకోలేదు. చీమలు తోటను అద్దంలా ఉంచుతాయి, వేరే బూజు పడనివ్వవు అనుకుని ఊరుకున్నారు. 1999లో టొరాంటో విశ్వవిద్యాలయ విద్యార్థి కామెరాన్ కరీ పనామాలో తోటలనుంచి ముక్కలు తీసి పెంచి చూస్తే ఎస్కోవాప్సిస్ అనే పరాన్న బూజు బయటపడింది. పంట బూజును తినే బూజు అది, ఈ తోటల్లోనే కనిపించే చీడ. కాపలా తగ్గిన తోటను రోజుల్లో మట్టిపాలు చేస్తుంది. అదే ఏడాది కరీ బృందం మరో సంగతి బయటపెట్టింది. కొన్ని జాతుల చీమల ఒంటిమీద తెల్లటి పొడి లాంటి పూత ఉంటుంది. దశాబ్దాలుగా అందరూ చూసిందే, ఏదో మైనమో స్రావమో అని రాసేసుకున్నదే. సూక్ష్మదర్శిని కింద పెడితే అది బ్యాక్టీరియా. సూడోనోకార్డియా అనే ఆ బ్యాక్టీరియాను చీమ తన పెంకు మీది గుంటల్లో, ప్రత్యేక గ్రంథులతో మేపి సాకుతుంది. బదులుగా అది చేసే యాంటీబయాటిక్ ఎస్కోవాప్సిస్‌ను అణచిపెడుతుంది. మందుల కొట్టు ఒంటిమీదే! అయితే ఇది అందరి పద్ధతీ కాదు. అన్నిటికన్నా పెద్ద పుట్టలు కట్టే అట్టా చీమలకు ఈ పూత లేదు. అవి తమ గ్రంథుల రసాయనాలతో, కలుపు తీతతో, చెత్తను దూరంగా పారెయ్యడంతోనే నెట్టుకొస్తాయి. చెత్త మోసే పని ఎక్కువగా ముసలి చీమలది. ఎలాగూ పోయే ప్రాణాలే రోగం దగ్గరికి వెళతాయి.

మనుషుల వైపు నుంచి చూస్తే ఇదంతా ముద్దొచ్చే కథ కాదు. బ్రెజిల్ సవూవాను చంపాలి, లేదంటే సవూవా బ్రెజిల్‌ను చంపుతుంది అన్న మాట ఆ దేశంలో సామెతై పోయింది. 1816–22 మధ్య అక్కడ తిరిగిన ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త సెయింట్ హిలేర్ అన్నాడని చెబుతారు. నారింజ, కాఫీ, ఇప్పుడు యూకలిప్టస్ తోటలు, ఏదైనా రాత్రికి రాత్రే మోడు చేయగలవు. పందొమ్మిదో శతాబ్దంలో వలసరైతుకు ఇవి పులికన్నా పెద్ద శత్రువులు. పురుగుమందుల యుగంలో మనిషి తెలివి మీరాడు. నారింజ గుజ్జులో సల్‌ఫ్లురమిడ్ కలిపిన గుళికలు వెదజల్లితే చీమలే మోసుకెళ్లి ఇంట్లో పెట్టుకుంటాయి. ఆ మందు నేలలో విరిగి, ఎన్నటికీ చెడని పీఎఫ్ఓఎస్ అనే రసాయనంగా మారుతుంది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం ఆ రసాయనాన్ని కట్టడి చేసింది. ఆకుకోసే చీమలకు వేసే మందుకు మినహాయింపు ఇచ్చింది. మందు వేసే వాళ్లకు తలనొప్పి మరొకటుంది. శిలీంధ్రనాశిని కలిపిన ఆకు పెడితే చీమలు మొదట మోసుకెళతాయి. వాటికి అది విషం కాదు. కొన్ని గంటల్లో తోట జబ్బుపడుతుంది, ఆ తర్వాత వారాల తరబడి ఆ ఆకును ముట్టవు. పంట మూలుగు రైతుకు వినబడుతుందన్నమాట.

ఈ విద్య పట్టింది చీమలు ఒక్కటే కాదు. చెదపురుగులు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలుపెట్టి మన నేల దాకా వచ్చాయి. కొన్ని బీటిల్ పురుగులు విడివిడిగా అనేకసార్లు మొదలుపెట్టాయి. ఎవరూ మళ్లీ మానిన దాఖలా లేదు. భాషలో మనం పుట్టలు పెట్టే కీర్తి చీమలకు ఇచ్చేశాం గానీ, మన పొలాల్లోని పెద్ద పుట్టల మేస్త్రీలు చెదపురుగులే. వాటి లోపలి బూజు తోటలను వర్ణించిన తొలి వ్యాసాల్లో ఒకటి తంజావూరు ప్రాంతంలో చూసి రాసింది. రాసినవాడు యొహాన్ గెర్హార్డ్ కోనిగ్, లినేయస్ శిష్యుడు, తరంగంబాడి మిషన్‌కు వైద్యుడిగా వచ్చినవాడు. 1779లో, అంటే బెల్ట్ కన్నా 95 ఏళ్ల ముందు, ఆ తెల్లటి బుడిపెలు పిల్ల పురుగుల తిండి కావచ్చని ఊహించాడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో పోయాడు. దగ్గర ఉండి వైద్యం చేసింది విలియం రాక్స్‌బర్గ్.

చెదలకూ చీమలకూ ఒక తేడా ఉంది, అది మన నాలుకకు తెలుసు. తొలకరికి దీపాల చుట్టూ ముసిరే ఉసుళ్లు చెదపురుగుల రాణులూ రాజులూ. చాలామటుకు అవి బూజును వెంట తీసుకుపోవు. కొత్త కాపురంలో తోట వేయాలంటే బయటినుంచి విత్తు దొరకాలి. అందుకని వాటి బూజు ఇప్పటికీ నేలను చీల్చుకుని పైకొచ్చి గొడుగు విప్పి విత్తు చల్లుతుంది. మనకు పుట్టగొడుగు అన్న మాట, దాని కూర, రెండూ ఉండడానికి కారణం ఇదే. ఆకుకోసే చీమ నోట్లోనే తోడు ఉంచుకుంది కనుక దాని పంట గొడుగు విప్పడం దాదాపు మానేసింది.

ఉసుళ్లను వేయించుకు తిన్నట్టే, కొలంబియాలోని శాంతాందేర్ ప్రాంతంలో తొలి వానలకు ఎగిరే అట్టా రాణులను జనం పట్టుకుంటారు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ, గువానే ప్రజల కాలం నుంచీ ఉన్న ఆచారం. లావాటి పిర్రల చీమలని వాటి పేరు. తెల్లవారుతూనే పిల్లలూ పెద్దలూ బకెట్లు పట్టుకుని పుట్టల దగ్గర కాపు కాస్తారు. రెక్కలూ కాళ్లూ తీసేసి, ఉప్పునీళ్లలో నానబెట్టి, పెనం మీద వేయిస్తారు. వేరుశనగ గింజల్లా కరకరలాడతాయట. పెనం మీది ఒక్కో రాణి నోటి సంచిలో, పుట్టింట కొరికి తెచ్చుకున్న చిటికెడు తోడు ఇంకా అలాగే ఉంటుంది.